భావనారాయణ సెలూన్‌లో వెలుగు నిల్వలు

ఫ్లెక్సీ మీద రాసింది నమ్మే మనిషి మా ఊళ్లో పుట్టలేదు. బదిలీ మీద వచ్చాడు.

ఆయన పేరు ముక్కామల వైకుంఠరావు. కాంతి పొదుపు, నిల్వల నియంత్రణ శాఖలో సహాయ సంచాలకుడు. ఈ శాఖ పుట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. రాజధానిలో ఎవరో పెద్దాయన శిక్షణ తరగతులకు వెళ్లి, ఏ లోపమూ లేని రెండు అద్దాలను ఎదురెదురుగా పెడితే వాటి మధ్య చిక్కుకున్న వెలుగు ఎప్పటికీ తరగకుండా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుందని విని వచ్చారట. తరగని సరుకు అనగానే ప్రభుత్వానికి రెండు ఆలోచనలు వస్తాయి. ఒకటి, దాన్ని మనం నిల్వ చేయాలి. రెండు, ఈపాటికే ఎవడో నిల్వ చేసి ఉంటాడు. మొదటిదానికి నిధులు రాలేదు కాబట్టి శాఖ రెండోదానితో పని మొదలుపెట్టింది.

లోపం లేని అద్దాలు ఎదురెదురుగా పెట్టుకున్నవారంతా తమ దగ్గరున్న వెలుగు ఎంతో ప్రకటించాలని, ప్రకటించనివారిని అక్రమ నిల్వదారులుగా పరిగణిస్తామని పేపర్లో వేశారు. మా ఊళ్లో ఆ ప్రకటన వచ్చిన పేపర్లో అందరూ బజ్జీలు తిన్నారు. జిల్లాకి ఒక్క నిల్వదారుణ్ణయినా పట్టుకోవాలని వైకుంఠరావు గారికి పైనుంచి ఒత్తిడి. ఆయన జీపు వేసుకుని తిరుగుతూ మా గాంధీబొమ్మ సెంటర్లో భావనారాయణ ఫ్లెక్సీ చూశారు.

భావనారాయణ గురించి చెప్పాలి. ఆయన చేతి కింద కూర్చుంటే కత్తి గడ్డం మీద ఉందో లేదో తెలియదు, అంత తేలిక. నోరు మాత్రం అంత బరువు. జీవితంలో ఏ వస్తువునీ తగ్గించి చెప్పి ఎరగడు. ఆయన దగ్గర సబ్బునురుగు కాశ్మీరునుంచి వస్తుంది, తువ్వాలు మంత్రుల ఇళ్లలో వాడే రకం, ఆయన కొట్టే మామూలు కటింగు రాష్ట్రంలో ఇంకొక్కడికే వచ్చు, వాడికి కూడా ఈమధ్య చెయ్యి వణుకుతోంది. చేతికోసం వెళ్లేవాళ్లం, మాటలు కొసరు అనుకునేవాళ్లం. తండ్రి నాటి దుకాణాన్ని ఆయన ఆ ఏడు బాగుచేయించి, ముందూ వెనకా గోడనిండా అద్దాలు పెట్టించాడు. ఆ సందర్భంగా కట్టించిన ఫ్లెక్సీ ఇది:

“బెల్జియం నుండి తెప్పించిన సంపూర్ణ దోషరహిత అద్దములు! మా సెలూన్‌లో పడిన ఒక్క వెలుగు కిరణమైనా వృథా పోదు!!”

అద్దాలు పక్క ఊరి అద్దాల కొట్టులోవి. ఆటోలో నిలబెట్టి తెస్తుంటే నేనే ఒక పక్క పట్టుకున్నాను. అదే ఫ్లెక్సీలో మా వార్డు కౌన్సిలర్ని అపర భగీరథుడని కూడా రాశారు. మా వార్డుకి రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి. గంగ ఎక్కడుందని ఆయన్ని ఏ శాఖా అడగలేదు.

వైకుంఠరావు గారు వచ్చినప్పుడు కుర్చీలో ఉన్నది నేను. నేను బస్టాండులో అనౌన్సర్ని. నాలుగు రోజుల గడ్డం. కుడి చెంప పూర్తయి నున్నగా ఉంది, ఎడమ చెంప మీద నురుగుంది. వెనక ఇద్దరు సిబ్బందితో ఆయన లోపలికొచ్చి రెండు గోడలనూ మార్చి మార్చి చూశారు.

“ఈ ఆవరణ యొక్క స్వాధీనదారు ఎవరు?”

“నేనేనండి. కూర్చోండి సార్, అన్నగారిది అయిపోవచ్చింది,” అన్నాడు భావనారాయణ.

“ఈ అద్దములు సంపూర్ణ దోషరహితములని మీరు బహిరంగముగా ప్రకటించియున్నారు. యథార్థమేనా?”

ఇంకెవడైనా అయితే ఆ గొంతు వినగానే నసిగేవాడు. భావనారాయణ కత్తి పక్కనపెట్టి నడుం మీద చేతులేసుకున్నాడు. “యథార్థమేనా అంటారేంటి సార్! ఇట్టాంటి అద్దాలు జిల్లాలో ఇంకొకడి దగ్గర చూపించండి, రేపట్నించి కత్తి పట్టుకోను.”

“ఎంతకాలముగా ఇచ్చటకు వెలుగును రానిచ్చుచున్నారు?”

“మా నాన్న కాలం నుంచీ ఇక్కడే షాపండి.”

“రెండు తరముల నిల్వ,” అని వైకుంఠరావు గారు సిబ్బందితో అన్నారు. “దీపములు ఆర్పి తలుపు మూయుడు.”

షట్టరు దించి స్విచ్చి ఆర్పారు. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. నా ఎడమ చెంప మీద నురుగు చిటపటమంటూ ఆరిపోతోంది. చీకట్లోంచి ఆయన గొంతు వచ్చింది.

“నిల్వ ఎచ్చట?”

“ఏ నిల్వండీ?” అన్నాడు భావనారాయణ.

“ఇంతవరకు ఇచ్చట ఉన్న వెలుగు. అంత సరుకు క్షణములో మాయమగుట సహజము కాదు. దాచివేయబడినది.”

“స్విచ్చి ఆర్పితే పోదాండీ? ఇదిగో.” భావనారాయణ తడుముకుంటూ వెళ్లి స్విచ్చి వేశాడు.

“చూచితిరా?” అన్నారు వైకుంఠరావు గారు సిబ్బంది వైపు తిరిగి. “గట్టిగా అడుగగనే బయట పెట్టినాడు.”

తర్వాత ఆయన దృష్టి అద్దంలోకి పోయింది. అందులో నేను, నా వెనక నేను, ఆ వెనక మరో నేను, అందరమూ సగం నురుగుతో వరసగా కూర్చుని ఉన్నాం. దూరంగా ఉన్నవాళ్లు కాస్త ఆకుపచ్చగా, మసగ్గా ఉన్నారు.

“వీరందరు ఎవరు?”

“నేనేనండీ,” అన్నాను.

“అందరునా?”

“అందరూ.”

ఆయన చాలాసేపు ఆలోచించి నన్ను బయటికి నడవమన్నారు. షట్టరుకి తాళం వేసి, లక్కతో సీలు వేయించారు. కత్తులు, కత్తెరలు, దువ్వెనలు లోపలే ఉండిపోయాయి. నా మెడచుట్టూ గుడ్డ ఇంకా అలాగే ఉంది.

“మరి ఈ రెండో చెంప సంగతండీ?” అని అడిగాను.

“దానిని ముట్టరాదు. లోపలి వెలుగు ప్రస్తుతము మీ అసంపూర్ణ ముఖమును మోయుచు తిరుగుచున్నది. స్టాకులోని ముఖమునకు, బయట తిరుగు ముఖమునకు భేదము రాకూడదు. విచారణ ముగియువరకు మీ ముఖము విషయమై యథాతథ స్థితి పాటించవలెను.”

అదృష్టం కొద్దీ నాది ముఖంతో పనిలేని ఉద్యోగం. గదిలో కూర్చుని మైకులో చెప్పడమే. కానీ ఇంటికి వెళ్లక తప్పదు కదా. మా ఆవిడ ఉషారాణి నన్ను గుమ్మంలోనే ఆపి, అటొకసారీ ఇటొకసారీ తిప్పి చూసింది.

“ఇటుపక్క సంసారి, అటుపక్క సన్యాసి. ఎవరికి వడ్డించమంటారు?” అంది.

ఇద్దరికీ వడ్డించమన్నాను. ఇద్దరిలో ఎవరికీ ఆ పూట సరిగా వడ్డించలేదు.

వెంట్రుకలకు ప్రభుత్వ ఉత్తర్వులు తెలియవు కదా, అవి పెరగడం మొదలుపెట్టాయి. నున్నగా ఉన్న కుడి చెంప గరుకెక్కింది. ఇది యథాతథ స్థితి ఉల్లంఘన అని నాకు తాఖీదు వచ్చింది. నేను వెళ్లి, నేను కావాలని పెంచడం లేదు మొర్రో అని మొత్తుకుంటే, శాఖ వారే కుడి చెంప గీయించడానికీ, ఎడమ చెంపను నాలుగు రోజుల పొడవుకి కత్తిరించి ఉంచడానికీ టెండర్లు పిలిచారు. నిందితుడు సాక్ష్యాన్ని ముట్టకూడదని భావనారాయణను పాల్గొననివ్వలేదు. తక్కువకి పాడుకున్నవాడు ఎక్కడో పుణ్యక్షేత్రంలో గుండ్లు చేసే ఆయన. మంచివాడే, కానీ చెంప మీద మొదలుపెట్టి అలవాటుకొద్దీ పైకి పోతుండేవాడు. ఆయన పని చేస్తున్నంతసేపూ నేను రెండు చేతులతో నెత్తి పట్టుకుని కూర్చునేవాణ్ణి.

నా ముఖం సంగతి నవ్వుకోవచ్చు. భావనారాయణ సంగతి నవ్వులాట కాదు. ఆయన రోజూ పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చి, మూసిన దుకాణం ఎదుటి అరుగు మీద కూర్చునేవాడు. నలభై ఏళ్లు నిలబడి పనిచేసిన మనిషి ఊరికే కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఒడిలో పెట్టుకునేవాడు, తీసేవాడు, మోకాళ్ల మీద పెట్టుకునేవాడు. ఆయన కళ్లముందే పాత ఖాతాదార్లు తల వంచుకుని పక్క బజారులో కొత్త సెలూన్‌కి వెళ్లిపోతున్నారు.

“ఇంకొన్నాళ్లు మూసుంటే, తెరిచినా వచ్చేవాడుండడు అన్నగారూ,” అన్నాడు ఒకరోజు. “గడ్డం గీసే చెయ్యి మారితే మనిషి మళ్లీ వెనక్కి రాడు.”

విచారణ మున్సిపల్ ఆఫీసు పైఅంతస్తులో పెట్టారు. మా డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే నస్రీన్ మేడమ్ని నేనే బతిమాలి తీసుకెళ్లాను. ఆవిడ సూటిగా మాట్లాడే మనిషి.

“సంపూర్ణమైన అద్దం పాఠంలో ఉంటుంది సార్, బజారులో ఉండదు,” అందావిడ. “వెలుగు తగిలిన ప్రతిసారీ అద్దం కొంచెం మింగేస్తుంది. రెండు గోడల మధ్య అది సెకనులో కోట్లసార్లు తగులుతుంది. మీరు స్విచ్చి మీంచి వేలు తీసేలోపు అంతా అయిపోతుంది. ఆ బొమ్మల వరస దూరం పోయేకొద్దీ మసకబారడం మీరే చూశారు. ఇవి మామూలు అద్దాలు. మసక అద్దాలు.”

కేసు అక్కడికి కొట్టేసినట్టే. నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ భావనారాయణ లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది.

“మేడమ్ గారూ, తమరు చదువుకున్నవారు. నన్నేమన్నా అనండి, పడతాను. అద్దాల్ని మాత్రం మసక అనకండి.”

నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను.

“మిమ్మల్ని కాపాడ్డానికే చెబుతున్నా, ఊరుకోండి,” అందావిడ పళ్లబిగువున.

“కాపాడ్డానికైతే నన్ను మసక అనండి. అవి బెల్జియంవి.”

వైకుంఠరావు గారు ఇద్దర్నీ చేత్తో వారించారు. “మీలో ఎవరి మాట నిజమైనను శాఖకు అభ్యంతరము లేదు. అద్దములు సంపూర్ణమైనచో, ఇతడు అక్రమ నిల్వదారు. సంపూర్ణములు కానిచో, ఈ కాంతి ఏమైనది మేడమ్?”

“వేడిగా మారిపోతుంది. చేత్తో ముట్టుకున్నా తెలియనంత వేడి.”

“అనగా రెండు తరములుగా ప్రజల వెలుగును ఇతడు కాల్చివేయుచున్నాడు. అది ఇంకను పెద్ద నేరము. మొత్తము వేడియేనా? వేరే దారి పట్టినది ఏమైనా కలదా?”

నస్రీన్ మేడమ్ది అబద్ధం చెప్పే నోరు కాదు. “కొంత చూసేవాళ్ల కళ్లలో పడుతుంది,” అంది.

“పడినది తిరిగి వచ్చునా?”

“రాదు. అక్కడే ఆగిపోతుంది. అందుకేగా కనపడేది.”

వైకుంఠరావు గారు మెల్లగా నావైపు తిరిగారు. “మీరు ఎన్ని ఏండ్లుగా ఆ దుకాణములో కూర్చుని చూచుచున్నారు?”

నేను కళ్లు మూసుకున్నాను. ఆ పరిస్థితిలో నిజాయితీపరుడు ఇవ్వగల జవాబు అదొక్కటే.

ఆ రోజు నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. చూడటమంటే వినియోగించడమే కాబట్టి శాఖ సిబ్బంది ఇకమీదట తనిఖీలన్నీ కళ్లు మూసుకుని చేయాలి. ఇందులో కొత్తేముందని మా మున్సిపాలిటీవాళ్లు అన్నారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి భావనారాయణ చేతులు జోడించాడు. “ఏం చేస్తే షట్టరు తీస్తారండీ? అది చెప్పండి చాలు.”

“సరుకును ప్రభుత్వమునకు స్వచ్ఛందముగా అప్పగించుచున్నానని చెప్పుము. ప్రజలకు విడుదల చేయుదుము.”

“ఇచ్చేస్తానండీ. అంతా పట్టుకుపోండి. షాపు వదిలేయండి.”

వెలుగు విడుదల కార్యక్రమానికి రాజధాని నుంచి ఆ శాఖ కమిషనర్ గారే వచ్చారు. కాలువకి నీళ్లు వదిలేటప్పుడు చేసే తంతు తప్ప ఇంకో నమూనా వాళ్ల దగ్గర లేదు. అందుకని షట్టరుకి పసుపు కుంకుమ పెట్టి, చీర సారె సమర్పించి, కొబ్బరికాయ సిద్ధం చేశారు. మిట్టమధ్యాహ్నం. ఊరంతా వచ్చింది. కొందరు ఆడవాళ్లు ఎందుకైనా మంచిదని బిందెలు తెచ్చుకున్నారు. మైకు నాకిచ్చి, ఎడమ చెంప జనానికి కనపడకుండా పక్కకి తిరిగి నిలబడమన్నారు. నాకు వచ్చింది ఒకటే భాష.

“దయచేసి వినండి. గాంధీబొమ్మ సెంటర్ నుండి బయలుదేరవలసిన వెలుగు మరికొద్ది సేపటిలో బయలుదేరును. ప్రజలు దారికి అడ్డులేకుండా నిలబడవలసిందిగా కోరుతున్నాం.”

జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. కమిషనర్ గారు కొబ్బరికాయ కొట్టి సీలు తెంపారు. షట్టరు కీచుమంటూ పైకి లేచింది. ఎర్రటి ఎండలో నిలబడి ఉన్నాం కదా, లోపల ఇంకా చీకటిగా కనిపించింది. కాస్త బూజు వాసన వచ్చింది. అంతే.

“ఏదమ్మా, రాలేదే?” అంది బిందె పట్టుకున్న ఒక ముసలావిడ.

వైకుంఠరావు గారు నా చేతిలోంచి మైకు తీసుకున్నారు. “సోదర సోదరీమణులారా! కాంతి వేగము సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. మీరు రెప్ప వేయులోపలనే అది వెడలిపోయినది. ఈపాటికి రాష్ట్ర సరిహద్దులు దాటియుండును. ఇంత వేగముగా ప్రజలకు చేరిన ప్రభుత్వ పథకము ఇంతకుముందు లేదు!”

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను, చెయ్యి ఖాళీ అయింది కాబట్టి. స్టాకు వెళ్లిపోయింది గనక నా ముఖం మీద ఆంక్షలు కూడా ఎత్తేశామని ఆయన అక్కడే ప్రకటించారు.

ఈ గోలలో భావనారాయణ ఎప్పుడు లోపలికి దూరాడో నేను చూడలేదు. భుజం మీది తువ్వాలుతో కుర్చీ దులుపుతున్నాడు. అద్దం మీద అరచేత్తో ఒక మూల తుడిచి, స్విచ్చి వేశాడు. రెండు గోడల్లోనూ పదిమంది, ఇరవైమంది భావనారాయణలు నవ్వుతూ నిలబడ్డారు. “రండన్నగారూ, కూర్చోండి,” అని పిలిచాడు. మెట్టు మీద కాలు పెట్టాను.

“ఆగండి,” అన్నారు కమిషనర్ గారు. ఆయన వైకుంఠరావు గారిలా పాత భాష మాట్లాడరు, కొత్త భాష మాట్లాడతారు. “ఇంత మంచి అవుట్‌కమ్ వచ్చిన రిజర్వాయర్ని ఖాళీగా ఎలా వదిలేస్తాం? వచ్చే సీజన్‌కి నింపాలి కదా. ఫిల్లింగ్ ఫేజ్ ఇమీడియట్‌గా స్టార్ట్ చేయండి.”

సాయంత్రానికల్లా మా బజారు వీధిదీపాలన్నీ విప్పి తెచ్చి సెలూన్ లోపల బిగించేశారు. అన్నీ వెలిగించి, షట్టరు దించి, మళ్లీ సీలు వేశారు. రత్నరాజు అనే హోంగార్డుని కాపలా పెట్టారు. దయతలచి భావనారాయణ పనిముట్ల పెట్టె మాత్రం ఆయన చేతికిచ్చి బయటికి పంపారు.

ఏడు గంటలకి నేను డ్యూటీ దిగి వచ్చేసరికి వీధి చీకటిగా ఉంది. మూసిన షట్టరు వెనక మాత్రం ఎవరికోసమో దేదీప్యమానంగా వెలిగిపోతోంది. భావనారాయణ తన దుకాణం మెట్టు మీదే ఒక స్టూలు వేసుకుని, పెట్టె తెరిచి నిలబడి ఉన్నాడు. పక్క బజారుకి పోయి గీయించుకోవచ్చని నాకూ తెలుసు. వెళ్లబుద్ధి కాలేదు. వెళితే ఈ మనిషికి తలకొరివి పెట్టినట్టేనని అనిపించింది.

దీపాల తీగలు లోపలికి లాగడానికి షట్టరు పక్కన గోడ చెక్కితే వేలెడు సందు మిగిలింది. అందులోంచి నిలువుగా ఒక వెలుగు చార బయటికి పడుతోంది. భావనారాయణ స్టూలు అటు జరిపి, నా ఎడమ చెంపని ఆ చారలోకి తిప్పి, నురుగు కలపడం మొదలుపెట్టాడు.

“లీకేజీ! లీకేజీ!” అంటూ రత్నరాజు పరుగెత్తుకొచ్చాడు. చేతిలో గోనెసంచి. నన్ను లేపి, సంచిని సందులో కుక్కేశాడు. వీధిలో ఉన్న ఆ కాస్త వెలుగూ పోయింది.

ముగ్గురం చీకట్లో నిలబడ్డాం. భావనారాయణ బ్రష్షు గిన్నెలో తిప్పుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది. రత్నరాజు తన గడ్డం గోక్కున్నాడు.

“రేపు పొద్దున్నే సారు తనిఖీకొస్తన్నారు,” అన్నాడు మెల్లగా. “కళ్లు మూసుకునే వస్తారనుకో. అయినా చెయ్యేసి చూత్తారంట. గడ్డం తగిల్తే మెమో ఇచ్చేత్తారు.”

భావనారాయణ నురుగు కలుపుతూనే ఉన్నాడు.

రత్నరాజు అటూ ఇటూ చూసి, తానే గోనెసంచి పీకాడు. వెలుగు చార మళ్లీ స్టూలు మీద పడింది. “అయిదు నిమిషాలే. ఇది డ్యూటీ నిమిత్తం,” అంటూ టోపీ తీసి స్టూలు మీద కూర్చుని, మెడ చాచాడు.

“లే,” అన్నాడు భావనారాయణ.

“ఏంటీ?”

“అన్నగారు నీకంటే ముందొచ్చారు.”

“నేను ప్రభుత్వ డ్యూటీలో ఉన్నానయ్యా!”

“కమిషనరు గారొచ్చినా అంతే. నా దగ్గర వరస వరసే. లెగు.”

రత్నరాజు ఒక్క క్షణం ఆ కత్తి వైపు, సీలు వేసిన తాళం వైపు చూశాడు. తర్వాత గోనెసంచి చంకలో పెట్టుకుని లేచి, బుద్ధిగా నా వెనక నిలబడ్డాడు. ఆ శాఖ వచ్చిన తర్వాత మా ఊళ్లో ఒక నియమం అమలు కావడం నేను చూసింది అప్పుడే.

“కదలకండి,” అన్నాడు భావనారాయణ, నా ఎడమ చెంప మీద కత్తి ఆనించి.